రొయ్య పచ్చిది కాదు, 'సోంగ్'

హాంకాంగ్‌లో దిగిన రెండో రోజు మధ్యాహ్నం పాత కొలీగ్ నన్ను షామ్ షుయ్ పోలో ఓ ఇరుకు నూడుల్స్ కొట్టుకి తీసుకెళ్లింది. సూపులో వేసిచ్చే పల్చటి పిండి పొట్లం, వాంటన్, కొరికితే లోపలి రొయ్య పంటి కింద టక్కున తెగింది. మన ఇగురులో రొయ్యలా లేదు. సరిగ్గా ఉడకలేదేమోనని టెన్షన్ పట్టుకుంది. నా మొహం చూసి కనిపెట్టేసింది.

"ఉడికింది. అది సోంగ్," అంది.

కరకరలాడటానికి వాళ్ల కాంటనీస్ భాషలో వేరే మాట ఉంది, 'చోయ్'. సోంగ్ అంటే బిగువుగా ఉండి, కొరకగానే తడితడిగా తెగడం. రొయ్యకు ఆ గుణం ఊరికే రాదట. ఉప్పో క్షారమో పట్టించి, ధారగా పారే చన్నీళ్లలో బాగా కడుగుతారు. మనం ఉప్పూ పసుపూ పట్టించేది నీచు పోవడానికి. వాళ్ల పాట్లన్నీ పంటి కోసం.

గిన్నె అడుగున చెంచా, దానిమీద వాంటన్లు, అన్నిటికంటే పైన నూడుల్స్. సూపులో మునిగితే నానిపోతాయని ఈ ఏర్పాటు. నేను కబుర్లలో పడితే ఆమె చూపు నా గిన్నె మీదే. బాతు గుడ్లు, క్షారపు నీళ్లు కలిపిన ఆ పిండిని పాత పద్ధతిలో వెదురు బొంగు మీద కూర్చుని ఎగురుతూ అదుముతారు. అలా వచ్చిన బిగువుకు పేరు 'తాన్ ఙా': పన్నుకు తగిలి ఎగిరేది. చేప ఉండలకూ ఇదే మెప్పు.

నున్నగా గొంతులోకి జారేది 'వాత్'. బాగా ఉడికి మెత్తబడింది 'నమ్'. నోటికి గరుకుగా తగిలేది 'హాయ్'. మా భాషలో హాయి అంటే సుఖమని చెబితే పడీపడీ నవ్వింది.

మనకూ లేకపోలేదు: అన్నం పలుకైంది, చిమిడింది అంటాం. కానీ తాటి ముంజెను వర్ణించబోతే నాకు మాట తట్టలేదు. "సోంగా? వాతా?" అని నిలదీసింది. కాసేపు ఆలోచించి, లేతదైతే వాత్, ముదిరితే సోంగ్ అన్నాను. ఒప్పుకుంది.

సాయంత్రం 'డింగ్ డింగ్' ఎక్కాం, 1904 నుంచీ నడుస్తున్న ట్రామ్. పై అంతస్తులో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన అరిసె చేతిలో పెట్టాను. చాలాసేపు నమిలి, "యిన్ ఙన్," అంది. సాగుతూ ఓ పట్టాన తెగనిదట. ఆ వెంటనే ముందు సీటులో ఒకరినొకరు అతుక్కుపోయి కూర్చున్న జంటను కళ్లతో చూపించి, గొంతు తగ్గించింది.

"వాళ్లనీ అదే మాట అంటాం."