కళ్లు మూసుకుంటే గుండెచప్పుడే

2022 ఫిబ్రవరిలో, గుంటూరు నుంచి విజయవాడ వెళ్తుంటే బస్సు మంగళగిరి దాటుతున్నప్పుడు నాకు మొదటిసారి వచ్చింది. గుండె దడదడలాడింది, అరచేతులు చెమటలు పట్టాయి, ఊపిరి అందలేదు. ప్రాణం అక్కడే పోతుందనుకున్నాను. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ పరీక్ష అన్నీ నార్మల్. "మీకేం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకండి" అని పంపేశారు. ఏమీ లేకపోతే వారానికి రెండు మూడుసార్లు చావు దాకా వెళ్లొచ్చినట్టు ఎందుకవుతోంది? ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. నాలుగు నెలల తర్వాత సైకియాట్రిస్టు దానికి పేరు చెప్పారు: పానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం, దడ ముంచుకొచ్చే జబ్బు. పేరు తెలిశాక ఆ రాత్రి ఏడ్చాను, కానీ నిద్ర కూడా పట్టింది.

మాత్రలు మొదలుపెట్టాను. తెలిసినవాళ్లందరూ ధ్యానం చేయమన్నారు. కూర్చుని కళ్లు మూసుకుంటే నాకు గుండెచప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. రెండు నిమిషాలకే లేచిపోయేదాన్ని. కౌన్సెలింగ్ చేసే మేడమ్‌తో ఆ సంగతి చెబితే, "అయితే కళ్లు మూసుకోకండి. రోజూ తప్పకుండా చేసే పని ఏదో చెప్పండి" అన్నారు. గిన్నెలు తోముతానన్నాను. "ఒక్క గిన్నె చాలు. తోముతున్నంతసేపూ మనసు దాని మీదే పెట్టండి" అన్నారు.

అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో రోగుల కోసం మొదలుపెట్టిన 8 వారాల ధ్యాన శిక్షణలో కూడా రెండు దారులున్నాయట. ఒకటి కూర్చుని చేసేది, ఇంకోటి రోజువారీ పనుల్లో చేసేది. ఒక్క ఎండుద్రాక్షను నిదానంగా చూసి, వాసన చూసి, నమిలి తినడం కూడా అందులో ఒక పాఠమని మేడమ్ చెప్పారు.

నేను పాలగిన్నె ఎంచుకున్నాను. అడుగున మాడిన మీగడ, గరుకుగా పీచు, వేళ్ల సందుల్లోంచి జారే నురగ. సగం తోమేలోపే మనసు రేపటి బస్సు దగ్గరికి పరుగెత్తింది. నాకు చేతకావడం లేదని మేడమ్‌తో చెప్పాను. "మనసు పోవడం తప్పు కాదు. పోయిందని మీకు తెలిసింది చూడండి, అదే సాధన" అన్నారు. ఆ రోజు నుంచి నన్ను నేను తిట్టుకోవడం మానేశాను. తర్వాత మెట్లెక్కడం, ముగ్గు పెట్టడం, బియ్యం కడగడం కూడా అలాగే చేస్తూ వచ్చాను.

దసరా ముందు ఒక సాయంత్రం గోంగూర తుంచుతుంటే దడ మొదలైంది. మామూలుగా అయితే ఫ్యాన్ కిందికి పరుగెత్తేదాన్ని. ఈసారి కూర్చునే ఉన్నాను. దడగా ఉంది. ఆకు తడిగా ఉంది. కాడ విరిగింది. మళ్లీ ఇంకో ఆకు. దడ పెరిగింది, ఇంకా పెరిగింది, తర్వాత మెల్లగా దిగిపోయింది. కట్ట ఇంకా పూర్తి కాలేదు.

మాత్రలు మాత్రం నేనుగా మానలేదు. ఏడాది పైన వేసుకున్నాక డాక్టరుగారే కొద్దికొద్దిగా తగ్గించారు. గిన్నెలు తోమితే జబ్బు పోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దడ వచ్చినప్పుడు పారిపోకుండా కూర్చోగలగడం మాత్రం నాకు ఆ గిన్నె దగ్గరే అలవాటైంది.

ఇప్పుడు అదే బస్సులో వెళ్తున్నాను. మంగళగిరి కొండ కనబడగానే ముందు సీటు కమ్మీ పట్టుకుంటాను. పొద్దున పూట చల్లగా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఎండకు కాలి ఉంటుంది.