కల్తీ డీజిల్ కాదు, తుప్పు పట్టిన పైపు: మా పికప్‌కి ఫ్యూయల్ లైన్లు మార్పించిన నా అనుభవం

బండి పని నిన్న సాయంత్రమే పూర్తయింది. చేతులకి డీజిల్ వాసన ఇంకా వదల్లేదు, నా కోపమూ తగ్గలేదు. ఇప్పుడే రాసేస్తే మాలాగా రొయ్యల లోడు తోలే నలుగురికి పనికొస్తుందని కూర్చున్నాను.

మాది 2018 మోడల్ డీజిల్ పికప్. కామన్ రైల్ ఇంజన్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ‘రైల్’ అనే ఒకే గొట్టంలోంచి పెద్ద ప్రెషర్‌తో డీజిల్ అందే రకం. బీఎస్-4. నరసాపురం, మొగల్తూరు వైపు చెరువుల దగ్గర వనామీ రొయ్యలు ఎక్కించుకుని భీమవరం ప్లాంట్లకి తోలుతాం. క్రేట్లలో ఐసు కరిగి, ఉప్పునీళ్ళతో కలిసి దారి పొడవునా బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదకి కారుతూనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, అసలు కారణం అదే.

ట్రబుల్ పొద్దున్న స్టార్టింగుతో మొదలైంది. సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఓ పట్టాన అందుకోదు. ఒకసారి అందుకున్నాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. కొన్నాళ్ళకి లోడుతో వంతెన ఎక్కుతుంటే లాగుడు పడిపోవడం, ఇంజన్ లైటు వెలగడం కూడా మొదలయ్యాయి. బండి కింద చూస్తే చుక్క డీజిల్ కారిన జాడ లేదు. ఫిల్టర్ మార్చాను, బ్యాటరీ చెక్ చేయించాను. తేడా రాలేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను.

అక్కడ స్కానర్ పెడితే పీ0087 అని కోడ్ వచ్చింది. రైల్‌లో ప్రెషర్ చాలడం లేదని దాని అర్థం. అంతవరకు నిజమే. ఎందుకు చాలడం లేదో మాత్రం కోడ్ చెప్పదు. హై ప్రెషర్ పంపు అరిగినా అదే కోడ్ రావచ్చు, ఫిల్టర్ మూసుకుపోయినా రావచ్చు, ట్యాంకు నుంచి వచ్చే పైపు గాలి పీల్చినా రావచ్చు. వీటిలో ఏదో తేల్చడం కోసమే కదా మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళేది. అక్కడి అడ్వైజర్ బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండానే తేల్చేశాడు. కౌంటర్ చుట్టూ జనం ఉండగా గట్టిగా అడిగాడు.

“డీజిల్‌లో కిరసనాయిలు కలుపుతున్నారా?”

“లేదండీ. ఎప్పుడూ ఒకే బంకులో పోయిస్తాను. బిల్లులున్నాయి, చూడండి.”

“బిల్లులు ఎవరైనా తెస్తారు సార్. రొయ్యల బళ్ళ వాళ్ళందరిదీ ఇదే వరస. కల్తీతోనే పంపు పోయింది.”

ఫోన్‌లో బిల్లుల ఫోటోలు తీసి చూపిస్తుంటే స్క్రీన్ వంక కూడా చూడలేదు. ఆ పక్క కుర్చీలో నాకు తెలిసిన చెరువు రైతు ఒకాయన కారు సర్వీసుకి వచ్చి కూర్చున్నాడు. ఆయన సరుకు నా బండిలోనే వెళ్తుంది. ఈ మాటలు విని ఆయన నా మొహంలోకి చూడలేక తల తిప్పుకున్నాడు. లక్షల సరుకు నమ్మి అప్పగించే మనిషి ముందు కల్తీగాడిననిపించుకోవడం ఎలా ఉంటుందో పడినవాడికే తెలుస్తుంది. నోట మాట రాలేదు.

కాసేపటికి తేరుకుని ఒక్కటే అడిగాను. “పంపు పోయిందంటున్నారు కదా, లోపల అరిగితే ఇనప రజను వచ్చి ఫిల్టర్‌లో మెరుస్తూ కనిపించాలి. నా ముందు ఫిల్టర్ విప్పి చూడండి” అన్నాను. “మా ప్రొసీజర్‌లో అది లేదు” అన్నాడు. ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. పంపు, ఇంజెక్టర్లు, రైల్, ట్యాంకు క్లీనింగ్ అన్నీ కలిపి లక్ష దాటింది. జాబ్ కార్డులో “కస్టమర్ కల్తీ ఇంధనం వాడినట్టు అనుమానం” అని రాసి సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. మీరూ పెట్టకండి. ఆ ఒక్క లైను మీద సంతకం పడితే తర్వాత ఏ వారంటీ అడగడానికీ నోరుండదు. జాబ్ కార్డు ఇంగ్లీషులో ఉంటే పక్కవాళ్ళతోనైనా చదివించుకోండి, ఫోటో తీసుకోండి. చెకింగ్ ఛార్జీ కట్టించుకునే వదిలారు.

స్కానర్ పట్టుకున్నంత మాత్రాన ఎవడూ మెకానిక్ అయిపోడు. బండి చెప్పేది వినాలి, డ్రైవర్ చెప్పేది వినాలి. ఇరవై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టుకున్నవాడి మాటకి విలువ ఇవ్వని చోటికి మళ్ళీ వెళ్ళను.

మర్నాడు పాలకొల్లులో డీజిల్ పంపుల పని చేసే పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పిందంతా విని, “రాత్రి బండి ఎక్కడ ఆపుతావు బాబూ? ముక్కు ఎత్తులో ఉంటుందా, పల్లంలోనా?” అన్నారు. మా ఇంటి ముందు ర్యాంపు మీద ముక్కు పైకుంటుందనీ, చెరువు గట్టు దిగుడులో ఆపిన రోజు మాత్రం వెంటనే స్టార్ట్ అవుతోందనీ చెప్పాను. “అయితే పంపు జోలికి వెళ్ళకు. వెనకాల ఎక్కడో గాలి లాగుతోంది” అన్నారు. ఆయన స్కానర్ కూడా పెట్టలేదు.

ఆయన చెప్పింది ఇదీ. మా బండిలో ట్యాంకు నుంచి డీజిల్‌ని ముందున్న పంపే పీల్చుకుంటుంది. కాబట్టి ఇంజన్ తిరుగుతున్నంతసేపు ట్యాంకుకీ పంపుకీ మధ్య పైపులో తోపుడు ఉండదు, లాగుడే ఉంటుంది. పైపుకి సూది మొనంత చిల్లి పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ఆపాక అదే చిల్లిలోంచి గాలి దూరి, పైపులో డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి దిగిపోతుంది. ముక్కు ఎత్తులో ఉంటే ఇంకా తొందరగా దిగుతుంది. పొద్దున్న సెల్ఫ్ కొడితే అందనిది అందుకే.

నిరూపించడానికి ఫిల్టర్‌కి ముందు జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు ముక్క బిగించి ఇంజన్ ఆన్ చేయించారు. అందులో బుడగలు వరసగా పోతున్నాయి. తర్వాత ట్యాంకు లైను తీసేసి, బాటిల్‌లో శుభ్రమైన డీజిల్ పోసి నేరుగా ఫిల్టర్‌కి ఇచ్చారు. బుడగల్లేవు, రేస్ చేస్తే ఇంజన్ ఖంగున అందుకుంది. పంపు బాగుంది, ఇంజెక్టర్లు బాగున్నాయి. ఈ బాటిల్ టెస్టుకి పావుగంట కూడా పట్టలేదు. లక్ష రూపాయల పంపు మార్చమని ఎవరన్నా చెబితే ముందు ఇది చేయమని పట్టుబట్టండి.

ఇక పైపు విప్పడం. ట్యాంకులో డీజిల్ క్యాన్లలోకి తీసి, బ్యాటరీ వైరు విప్పి, ఛాసిస్ కిందకి దూరాం. పైకి కనిపించే చోట పైపుకి పెయింటు బాగానే ఉంది. ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పు విప్పేసరికి అసలు సంగతి బయటపడింది. క్లిప్పు లోపలి రబ్బరు చుట్టూ బురదా ఉప్పూ గట్టిపడి ఉన్నాయి. రబ్బరు ఊడదీస్తే దాంతోపాటు పైపు పై పొర అప్పడంలా పొరలు పొరలుగా రాలింది. గోరుతో గీస్తే నల్లటి చెమ్మ కనిపించింది. సరిగ్గా దాని పైనే బాడీ ఫ్లోరింగ్ సందు, ఐసు నీళ్ళు కారే చోటు. మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి వెనక్కి పంపే రిటర్న్ లైనుదీ అక్కడ అదే గతి. చిల్లి పడిన ముక్క కోసి రబ్బరు ట్యూబు జాయింటు వేయిస్తే చాలని కొందరంటారు. మిగతా క్లిప్పుల కింద కూడా అదే తుప్పు నడుస్తూ ఉంటుంది కాబట్టి రెండు లైన్లూ పూర్తిగా మార్పించాను.

స్పేర్ పార్ట్స్ షాపులో కుర్రాడు ఏసీలకి వాడే రాగి పైపు అంటగట్టబోయాడు. వంచడం సులువు, తుప్పు పట్టదు అన్నాడు. మేస్త్రి గట్టిగా వద్దన్నారు. రాగి తగిలితే డీజిల్ తొందరగా చెడి జిగురు కడుతుంది, అదురుకి రాగి గట్టిపడి ఫ్లేర్ దగ్గర, అంటే వెడల్పు చేసిన మూతి దగ్గర, పగులుతుంది. లోపల జింకు పూత ఉన్న జీఐ పైపూ డీజిల్‌కి పనికిరాదు. ‘బండీ’ (Bundy) పైపు అనే పేరుతో అమ్మే స్టీలు ట్యూబే తెచ్చాం. పాత పైపు సైజు కొలిచి అదే సైజు తీసుకోండి. సన్నది వేస్తే మళ్ళీ లాగుడు చాలదు.

పాత పైపుని నేల మీద పరిచి, దాని ఒంపుల ప్రకారం బెండర్‌తో వంచారు. కోసిన చివర్లు నున్నగా చేసి, హోస్ జారకుండా అంచు ఉబ్బించి, గాలి కొట్టి లోపల రజను లేకుండా చేసి, బిగించేదాకా మూతులకి టేపు వేసి ఉంచారు. కామన్ రైల్ ఇంజెక్టర్‌కి ఇసుక రేణువంత ఇనుము చాలు చెడిపోవడానికి. హోసులు డీజిల్‌కి తట్టుకునేవే కొన్నాం, బంజో బోల్టులకి (లోపల డీజిల్ పారేలా బోలుగా ఉండే బోల్టులు) కొత్త కాపర్ వాషర్లు వేశాం. అక్కడే ఉన్న వెనక బ్రేకు పైపు కూడా పొక్కులు లేచి కనిపించింది, దాన్నీ మార్పించాను. ఫ్యూయల్ లైను ఇలా ఉంటే బ్రేకు లైను చూడకుండా బండి కిందనుంచి లేవకండి.

ఎయిర్ తీయడం చిన్న పనే. ఫిల్టర్ మీది ప్రైమర్ (చేతి పంపు) గట్టిపడేదాకా నొక్కి, బుడగలు ఆగాక గాలి వదిలే స్క్రూ బిగించాం. పాత ఇంజన్ల అలవాటుతో ఇంజన్ తిరుగుతుండగా ఇంజెక్టర్ పైపు నట్లు లూజు చేసేవాళ్ళున్నారు. కామన్ రైల్‌లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. ఎవరినీ చేయనివ్వకండి.

పైపులు, హోసులు, క్లిప్పులు, మేస్త్రి కూలీ కలిపి ఆరు వేల లోపే అయింది. ఈ పొద్దున ర్యాంపు మీంచి ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. బాడీ సందులు సీలెంట్‌తో మూయించి, ఐసు నీళ్ళు ఛాసిస్ మీద పడకుండా ఒక మూలనుంచి ట్యూబు ద్వారా పక్కకి దింపించాను. ట్రిప్పు అయ్యాక మంచినీళ్ళతో కింద కూడా కడిగిస్తున్నాను.

పాత పైపు ముక్క, జాబ్ కార్డు ఫోటో, మేస్త్రి ఇచ్చిన బిల్లు ఒక కవర్లో పెట్టాను. ఆ చెరువు రైతు గారికి పైపు ముక్క చూపించి విషయం చెప్పాను, ఆయన రేపటి లోడు నాకే ఇచ్చారు. చెకింగ్ ఛార్జీ తిరిగి ఇవ్వమనీ, కార్డులో రాసిన ఆ లైను కొట్టేయమనీ సర్వీస్ సెంటర్‌కి రాతపూర్వకంగా పంపుతున్నాను. కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇస్తాను.