యాప్ నవ్వదు నాన్నా

"యాప్ నన్ను చూసి నవ్వదు నాన్నా."

ఇంగ్లీషులోనే అందిలెండి, నేను తెలుగులో రాస్తున్నాను. ఆదివారం పొద్దున ఆస్ట్రేలియా నుంచి గుంటూరుకి వీడియో కాల్ కలిపి ఫోన్ ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంది మా తొమ్మిదేళ్ళది. నాయనమ్మతో మాట్లాడదట. తెలుగు మాత్రం మానదట, తెలుగు నేర్పే యాప్‌తో మాట్లాడుకుంటుందట. అవతల బ్రాడీపేట ఇంటి వరండాలో మా అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ "నా తల్లి కనపడదేందిరా?" అంటోంది. "హోంవర్కుందమ్మా" అన్నాను. ఆదివారం పొద్దున్నే హోంవర్కేమిటని ఆవిడా అడగలేదు.

జరిగింది ఇది. సంక్రాంతికి వస్తున్నామని నాయనమ్మకి తనే చెప్పాలని పిల్ల ముచ్చటపడి, ఫోన్‌లో అనువాదం చేయించుకుని, నాలుగైదుసార్లు వల్లె వేసుకుని అప్పజెప్పింది: "నాయనమ్మా, మేము దుర్గ గుడికి వెళ్తాము. తర్వాత మేము ఐస్‌క్రీం తింటాము."

"మరి నన్నెక్కడ వదిలేస్తారే?" అని అమ్మ నవ్వేసింది.

ఇంగ్లీషుకి ఒక్క 'వుయ్' చాలు. మనకి అలా కుదరదు. వినేవాళ్ళని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. నాయనమ్మని కలుపుకునే చెప్పిందది, పాపం. ఆవిణ్ణి గుడి బయట నిలబెట్టింది ఫోన్.

అమ్మ ఒక్కతే నవ్వి ఉంటే అక్కడితో పోయేది. నేను పడీపడీ నవ్వాను. ఊరుకున్నానా? మా ఆవిడ ఫోన్‌తో తీసిన ఆ వీడియో ముక్కని ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. "ముద్దొస్తోందిరా" అని మా పిన్ని. కింద వరసగా నవ్వే బొమ్మలు. మా అన్నయ్య కొడుకు దాన్ని స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. మా అమ్మాయి చూసింది అక్కడే. వాట్సాప్‌లో పెట్టినదాన్ని అందరికీ కనపడకుండా చెరిపెయ్యాలంటే రెండున్నర రోజుల గడువుంటుంది. నాకు బుద్ధొచ్చింది పన్నెండో రోజున.

అసలు ఆ యాప్‌కి మొదట అడ్డం పడింది నేనే. "పలక మీద దిద్దితేనే అక్షరం వంటబడుతుంది" అని ఉపన్యాసమిచ్చి, గుంటూరు నుంచి పలకా బలపాలూ తెప్పించాను. 'ఋ' దాకా వచ్చేసరికి నా గొంతు పెరిగింది, పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పలక బీరువా మీదికెక్కింది. యాప్‌కి విసుగు రాదు. 'క్ష' నలభైసార్లు తప్పినా నలభై ఒకటోసారి అదే గొంతుతో అడుగుతుంది. నిన్న తప్పిన అక్షరం ఇవాళ ముందుకొస్తుంది, ఇవాళ కుదిరింది నాలుగు రోజులాగి వస్తుంది. చదివింది ఎంత త్వరగా మరిచిపోతామో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మనీ ఆయన 1885లోనే లెక్క కట్టి పుస్తకం వేశాడు. ఫోన్ ఆ లెక్క పాటిస్తోంది, నేను పాటించలేదు, అంతే తేడా. మూడు నెలలు తిరిగేసరికి ఇండియన్ స్టోర్‌లో పచ్చడి సీసా మీద "గో...గోం...గోంగూర!" అని అరిచింది. నాకు కళ్ళు చెమ్మగిల్లితే, బియ్యం బస్తా ఎత్తే నెపంతో వంగి దాచుకున్నాను.

మార్కుల దగ్గరే నాకు పేచీ. 'కళ్ళు'ని 'కల్లు' అన్నా పచ్చ టిక్కు పడుతుంది. శుభ్రంగా పలికిన మాటకి ఒక్కోసారి ఎర్ర గీత. మాటని గుర్తుపట్టే ఈ యంత్రాలు ఎక్కువగా పెద్దవాళ్ళ గొంతులు విని నేర్చుకున్నవి, పిల్లల గొంతు సరిగా అందదు. పైగా తమకి తెలిసిన మాటలోకే లాక్కుంటాయి. ఇవన్నీ పిల్లకి వివరించబోయాను. "నీకు యాప్ అంటే కుళ్ళు" అంది.

కుళ్ళేమో. ఎందుకంటే యంత్రం చేత మార్కులు వేయించుకుని ఇక్కడ స్థిరపడ్డవాణ్ణి నేను. 2019లో పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్ష రాశాను. అప్పట్లో దిద్దడమంతా కంప్యూటరే. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ 79 వస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే వీసాకి, 20 పాయింట్లు ఇచ్చేవాళ్ళు. మాట్లాడే పరీక్షలో మూడు సెకన్లు నోరు మెదపకపోతే మైకు మూసుకుపోతుంది. బెంజ్ సర్కిల్ దగ్గరి కోచింగ్ మాస్టారు విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో ఒకటే పోరు: "తప్పయినా పర్లేదు, ఆగొద్దు. ఆలోచించొద్దు." నాలుగో దండయాత్రలో 79 తెచ్చుకున్నాను. ఆ ఊపులో, ఇక్కడ అనువాదకులకి పరీక్షలు పెట్టే నాటీ వాళ్ళ సీసీఎల్ పరీక్ష తెలుగులో రాశాను. అటు ఇంగ్లీషుకి తెలుగు, ఇటు తెలుగుకి ఇంగ్లీషు చెప్పాలి. 90కి 63 వస్తే గట్టెక్కినట్టు. బ్రాడీపేటలో పుట్టినవాణ్ణి, నాకు తెలుగు పరీక్షేమిటని కాలరెగరేసి, 'టెనెంట్' అన్న మాటకి 'అద్దెదారు' తట్టక నీళ్ళు నమిలాను. మొత్తానికి గట్టెక్కాను. మా అమ్మ నేర్పిన భాషకి ఈ దేశంలో 5 పాయింట్ల ఖరీదు పలికింది. అవి జేబులో వేసుకున్నాక ఇంట్లో తెలుగు వాడకం మెల్లగా తగ్గించింది కూడా నేనే. పిల్ల బళ్ళో వెనకబడుతుందేమోనని భయం. ఇప్పుడు తెలుగు రావట్లేదని బాధ.

సంక్రాంతికి గుంటూరు వెళ్ళాం. ఆటోలో అరండల్‌పేట మీదుగా పోతుంటే బోర్డులన్నీ గుక్కతిప్పుకోకుండా చదివింది. ఫ్యాన్సీ స్టోర్స్, మెడికల్ అండ్ జనరల్, టిఫిన్ సెంటర్. "నాన్నా, ఇదంతా ఇంగ్లీషేగా!" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం వరండాలో నాయనమ్మ చేతికి తనే యాప్ ఇచ్చింది. పాఠంలో వాక్యం: "నీవు ఎచ్చటికి వెళ్ళుచున్నావు?" గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ కిందట వాడుక భాష కోసం పోరాడిన సంగతి ఆ పాఠం రాసినవాళ్ళ దాకా వచ్చినట్టు లేదు. అమ్మ వాక్యాన్ని ఒకసారి చూసి, ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుని, "యాడికి పోతన్నావే?" అంది. ఎర్ర గీత. గొంతు పెంచి మళ్ళీ అంది. మళ్ళీ ఎర్ర గీత. పిల్ల పగలబడి నవ్వింది. అమ్మా నవ్వింది, పమిటతో కళ్ళు ఒత్తుకుంటూ.

"పెద్దవాళ్ళని చూసి నవ్వకూడదు" అన్నాను గట్టిగా.

ఇద్దరూ నవ్వాపి నా వంక చూశారు. "నువ్వు నవ్వావుగా" అంది పిల్ల. తెలుగులోనే. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగాను.

తిరిగొచ్చాక నాయనమ్మకి ఫోన్ చేస్తోంది, నేను గదిలో లేనప్పుడే. మొన్న తలుపు అవతల నిలబడి, మేము అంటుందో మనం అంటుందో విందామని చెవి ఆనించాను.

"నాన్నా, నీ కాళ్ళు కనిపిస్తున్నాయ్" అంది లోపల్నుంచి.