స్కాన్ మూలన ఉన్న సమయం

గురువారం, రాత్రి

ఈ రోజు చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. డ్యూటీలో ఇరవైకి పైగా తల సీటీ స్కాన్లు చూశాను. సగానికి ఎక్కువ ఏమీ లేనివే. "రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు" అనే వాక్యం వేళ్లకు ఎంత అలవాటైందంటే, నేను ఆలోచించకముందే అవి టైపు చేసేస్తున్నాయి. ఆ అలవాటంటే నాకే భయం.

ఒక్క స్కాన్ మాత్రం ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

ఉదయం 8:50కి తీసినది. అరవై ఏడేళ్ల పెద్దాయన మెట్ల మీద జారి వెల్లకిలా పడ్డారు. దెబ్బ తగిలింది తల వెనక, కమిలింది మాత్రం మెదడు ముందు భాగం అడుగున. చూడటానికి వింతగా ఉన్నా ఇది మామూలే. కంటిగూళ్ల పైన ఉండే ఎముక లోపలివైపు గట్లు గట్లుగా, గరుకుగా ఉంటుంది. తల నేలకు తగిలి ఆగినా లోపల మెదడు వెంటనే ఆగదు, ఊగి ఆ గట్ల మీద రాసుకుంటుంది. అక్కడ ఒక తెల్లని మచ్చ, దాని చుట్టూ చిటికెడు ఉప్పు చల్లినట్టు కొన్ని చుక్కలు.

కొలిచాను. మచ్చ అన్నిటికన్నా పెద్దగా కనిపించే స్లైసులో పొడవు 3 సెంటీమీటర్లు, దానికి అడ్డంగా 2, పై నుంచి కిందికి 2. మూడింటినీ గుణించి సగం చేస్తే రక్తం సుమారు 6 మిల్లీలీటర్లు. చిన్న చెంచాడు కన్నా కాస్త ఎక్కువ. మెదడు మధ్యగీత పక్కకు జరగలేదు. స్పృహ ఎంత ఉందో చెప్పే గ్లాస్గో స్కోరు 15కి 14. పేరు చెబుతున్నారు, తేదీ దగ్గర తడబడుతున్నారు.

రిపోర్టు అక్కడితో ముగించవచ్చు. కానీ వార్డు నుంచి వచ్చే ఫోన్‌లో ఎప్పుడూ అడిగేది రిపోర్టులో లేని ప్రశ్నే: "ఇది పెరుగుతుందా మేడమ్?"

ఆ ప్రశ్న వినగానే నేను మచ్చ వైపు చూడను, స్కాన్ మూలన అంకెల్లో ఉండే సమయం చూస్తాను. దెబ్బ తగిలిన మనిషిని ఎంత త్వరగా తీసుకొస్తే అంత మంచిది. స్కాన్‌ను నమ్మే విషయంలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. పడిన గంటలోపు తీసిన స్కాన్‌లో మచ్చ చిన్నగా ఉందంటే గాయం చిన్నదని కాదు, రక్తం ఇంకా ఊరుతూ ఉండవచ్చు. అదే మచ్చ మర్నాటికీ అంతే ఉంటే అప్పుడు ఊపిరి పీల్చుకోవచ్చు. పెరిగేవి చాలావరకు మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే పెరుగుతాయి.

స్కాన్ కోరుతూ పంపిన కాగితంలో "ఉదయం పడ్డారు" అని ఉంది. ఉదయం అంటే ఎప్పుడు? నాలుగు గంటలకా, ఎనిమిదికా? ఇలాంటి కాగితాలు చూస్తే ఒళ్లు మండుతుంది. వార్డుకు ఫోన్ చేస్తే నర్సు ఆయన కూతురికి ఇచ్చింది.

"నాన్నగారు ఎన్ని గంటలకు పడ్డారమ్మా?"

"పొద్దున్నే మేడమ్."

"అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"బాబును స్కూలు బస్సు ఎక్కించి అప్పుడే తలుపు తీస్తున్నాను. ఎనిమిదీ పది అయి ఉంటుంది."

అంటే స్కాన్ తీసింది నలభై నిమిషాలకే. రోజూ వేసుకునే మాత్రల గురించి అడిగితే, రక్తం పలచబడటానికి గుండె డాక్టరు ఇచ్చిన మాత్ర ఒకటి ఉందట. అదీ కాగితంలో లేదు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాను, ఆ మందు ప్రభావం తగ్గించే పని మొదలుపెట్టారు.

మళ్లీ స్కాన్ ముందు కూర్చున్నాను. స్కాన్ కొలతలో నీటికి 0, గడ్డకట్టిన రక్తానికి సుమారు 60 నుంచి 80. ఇంకా గడ్డకట్టని రక్తం అంత తెల్లగా ఉండదు. అందుకే తెలుపు మధ్యలో బూడిదరంగు సుడి కనిపిస్తే రక్తం ఇంకా ఊరుతోందని అనుమానించాలి. ఇక్కడ ఒక అంచున లీలగా ఉంది, లేదా ఉందని నాకు అనిపించింది. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి రోగికి తీసిన స్కాన్‌లో అడ్డంగా 80, నిలువుగా 80 గళ్లే ఉండేవి. ఇలాంటి సుడి దానికి అందేదే కాదు. ఇన్ని గళ్లు పెరిగిన తర్వాత కూడా నేను "అనిపించింది" అనే రాసుకుంటున్నాను.

పెరిగే అవకాశాన్ని శాతాల్లో చెప్పే ప్రోగ్రాములు వస్తున్నాయి. రావాలి కూడా, అలసిపోయిన కన్ను వదిలేసేది అవి పట్టవచ్చు. అయితే వాటికీ "ఉదయం" అన్న ఒక్క మాటే ఇస్తే ఏం చేస్తాయి? నా జోస్యాలూ గొప్పవేమీ కావు. పోయిన వారం ఇంకొకరి స్కాన్‌లో చెడ్డ లక్షణాలన్నీ ఉన్నాయని అందరినీ పరుగులు పెట్టించాను. ఆ గడ్డ ఇసుమంతైనా పెరగలేదు.

రిపోర్టులో "దెబ్బ తగిలిన 40 నిమిషాలకు తీసిన స్కాన్, ఆరు గంటల్లో మళ్లీ తీయాలి, మగత పెరిగితే ఇంకా ముందే" అని రాశాను. మనిషి బాగానే మాట్లాడుతున్నాడు కదా, మళ్లీ ఎందుకని ఒక జూనియర్ డాక్టరు అడిగాడు. వివరంగా చెప్పే ఓపిక లేక "తీయించు నాయనా" అన్నాను.

రెండోది 2:40కి వచ్చింది. పొడవు 4, అడ్డం 3, ఎత్తు 3. పక్కపక్కన పెట్టి చూస్తే అంచు అటు అర సెంటీమీటరు, ఇటు అర సెంటీమీటరు జరిగింది, అంతే. గుణించి సగం చేస్తే 18 మిల్లీలీటర్లు. మూడు రెట్లు. మధ్యగీత 2 మిల్లీమీటర్లు పక్కకు ఒరిగింది. ఆయనను ఐసీయూకి మార్చారు. ఇప్పటికైతే ఆపరేషన్ అవసరం లేదని న్యూరోసర్జన్ అన్నారు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నారట.

ఇంటికి బయలుదేరే ముందు ఆ కూతురు వరండాలో ఎదురైంది. ఫోన్‌లో గొంతు విన్నది నాదేనని ఆమెకు తెలియదు. చేతిలో మాత్రల డబ్బా పట్టుకుని వెనక ఉన్న తేదీ చదువుతోంది.

రేపు ఉదయం 8:30కి మూడో స్కాన్. నా డ్యూటీ తొమ్మిదికి. ఎనిమిదిన్నరకే వెళతాను.