చెప్పులెక్కడ విడవాలి

నవంబరు, ఆదివారం రాత్రి

అమ్మ వచ్చి పన్నెండు రోజులు. "ఈ ఊళ్ళో గుళ్ళే లేవా?" అని రోజూ పోరు. ఇవాళ టోక్యో నిషి కసాయ్‌లో రైలెక్కి, నిహోంబాషిలో గింజా లైనుకి మారి అసకుసాలోని సెన్సోజీ బౌద్ధ గుడికి తీసుకెళ్ళాను. చివర్లో ఉఎనో నుంచి అసకుసా దాకా ఉన్న ముక్కే జపాన్‌లో తొలి సబ్‌వే, 1927 నాటిది అని చెప్పబోయాను. ఆవిడ వింటే కదా, ఎదుటి సీట్లో చంటిపిల్లతో ఆటలు.

గుడి ముందుద్వారం కమినారిమోన్ దగ్గర వేలాడే ఎర్ర లాంతరు ఏడొందల కిలోలు. దాని అడుగున చెక్కిన డ్రాగన్‌కి కూడా దణ్ణం పెట్టింది. 1865లో కాలిపోయిన ఆ ద్వారాన్ని 1960లో మళ్ళీ కట్టించింది పానసోనిక్ స్థాపించిన మాత్సుషితా అని చెప్పాను. "అంటే మీ మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు వాళ్ళా!" అంది. ఇప్పుడు మాత్రం ఆ ద్వారం మీద గౌరవం రెట్టింపయింది.

గుడికెళ్ళే నకామిసే దుకాణాల వీధంతా తిరణాలే. తోసుకుంటూ లోపలికొచ్చాం. వాకిట్లో పెద్ద ధూపపాత్ర, చుట్టూ జనం పొగని అరచేతులతో తలకి పట్టించుకుంటున్నారు. అమ్మ ఎవర్నీ అడక్కుండా హారతిలా కళ్ళకద్దుకుంది.

గొడవ మెట్ల దగ్గర మొదలైంది.

"చెప్పులెక్కడ విడవాలే?"

"ఇక్కడ విప్పక్కర్లేదమ్మా, అందరూ బూట్లతోనే వెళ్తున్నారు చూడు."

"వాళ్ళిష్టం వాళ్ళది."

స్టాండు లేదు, టోకెను ఇచ్చేవాళ్ళు లేరు. ఎక్కడ పెట్టినా పోతాయని భయం. (టోక్యోలో!) చివరికి హ్యాండ్‌బ్యాగులో దాచుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, చెప్పులు అందులో పెట్టి చంకన పెట్టుకుంది. చలికి వేసుకున్న తెల్ల సాక్సులతో మెట్లెక్కింది. నేనూ విప్పాలా వద్దా అని నిలబడి, విప్పలేదు. సిగ్గేసింది, ఎందుకో సరిగ్గా తెలీదు.

లోపల దేవుడు కనిపించడు. 628లో సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ముల వలకి దొరికిన, కరుణకి దేవత అయిన కన్నోన్ విగ్రహమని కథ. దాన్ని ఎవరికీ చూపించరు. "మూలవిరాట్టుని చూడకుండా ఇంటికి పోవడమేంటే" అని గొణిగింది. అయినా ఐదు యెన్ల నాణెం వేసి, నా పేరూ ఆయన పేరూ గోత్రంతో సహా చెప్పింది, అదీ పైకి. 1945 మార్చి 10 బాంబుదాడిలో పాత మందిరం కాలిపోయింది, ఇది 1958లో సిమెంటుతో కట్టింది అంటే, "ఐతే మాత్రం, కాలినచోటే కట్టారుగా" అంది.

వంద యెన్లకి జోస్యం చీటీ తీస్తే నాకు 'క్యో' వచ్చింది, అంటే చెడు. ఈ గుళ్ళో అవి కాస్త ఎక్కువే అని పేరు. అక్కడి తీగకి కట్టేసి వచ్చాను.

తిరిగొస్తుంటే లోపలి ద్వారం హోజోమోన్ వెనకవైపు గోడకి గడ్డితో అల్లిన జత చెప్పులు. ఒక్కోటి నాలుగున్నర మీటర్లు, ఐదొందల కిలోలు. యామగాతాలోని మురయామా ఊరివాళ్ళు అల్లి పంపుతారు. ఇంత పాదం ఉన్నవాడు కాపలా ఉన్నాడని దుష్టశక్తులు జడుసుకోవాలట.

అమ్మ అక్కడే ఆగిపోయింది. "లారీకి దిష్టి చెప్పు కడతారే, అదే ఇది." కాసేపు చూసి, "ఇంతింత చెప్పులు గుడికి కట్టుకున్నాక ఇంక మనవి విప్పమని ఏ మొహంతో అడుగుతారులే" అని, కవర్లోంచి తనవి తీసి కింద పడేసి కాళ్ళు దూర్చింది.

సాక్సుల అడుగులు నల్లగా ఉన్నాయి. బకెట్లో నానబెట్టి, రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికింది. ఇప్పుడు బాల్కనీలో ఆరుతున్నాయి.