జాన్స్‌టౌన్ వెళ్లొచ్చాం

పెన్సిల్వేనియా కొండల మధ్య, రెండు నదులు కలిసే చోట ఉన్న చిన్న ఊరు. సిటీ హాల్ గోడ మూలన ఏ వరద ఎంత ఎత్తుకొచ్చిందో గుర్తులు పెట్టారు. 1977ది ఎనిమిదిన్నర అడుగులు, అదే నా తల దాటిపోయింది. 1936ది 17. ఇక 1889ది చూడాలంటే మెడ బాగా పైకెత్తాలి, 21 అడుగులు.

1889 మే 31న ఎగువన సౌత్ ఫోర్క్ డ్యామ్ తెగింది. ఆ చెరువు కోటీశ్వరుల క్లబ్బుది, ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కూడా సభ్యుడే. చేపలు పారిపోకుండా అలుగుకి జాలీలు కట్టారట. చెత్త అడ్డుపడి నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. చేపల కోసం! అక్కడే నిలబడి తిట్టుకున్నాను.

నాకు తెలియనిది ఇంకోటుంది. కొట్టుకొచ్చిన ఇళ్లు, చెట్లు, రైలు పెట్టెలు, ముళ్లకంచెల తీగ అన్నీ రాతి వంతెన దగ్గర ముద్దగా ఇరుక్కుని అంటుకున్నాయి. నీళ్ల నుంచి ఎలాగోలా బతికి ఆ గుట్టలో చిక్కుకున్నవాళ్లు మంటల్లో పోయారు, కనీసం 80 మంది. వంతెన ఇప్పటికీ ఉంది. దాని మీద రైళ్లు తిరుగుతున్నాయి కూడా.

మొత్తం చనిపోయింది 2,209 మంది. కొండ మీద శ్మశానంలో, ఎవరివో తేలని వాళ్లకి 777 తెల్ల రాళ్లు. ఒక్కదాని మీదా పేరు లేదు. మా వాడు లెక్కపెడతానని ఉత్సాహంగా మొదలుపెట్టి, రెండో వరసలో ఆగిపోయి, వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.