డాట్ నంబర్ వచ్చింది, ట్రక్కు మాత్రం కదల్లేదు

రెండేళ్లు వేరేవాళ్ల ట్రక్కు నడిపాక, 2025 ఫిబ్రవరిలో డాలస్ దగ్గర ఒక పాత ట్రక్కు కొని సొంతంగా ఎల్‌ఎల్‌సీ, అంటే ఒక చిన్న కంపెనీ, పెట్టాను. అమెరికాలో రాష్ట్రాలు దాటి కిరాయికి సరుకు వెయ్యాలంటే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ అనే ఫెడరల్ రవాణా భద్రతా సంస్థ దగ్గర రిజిస్టర్ కావాలి. ఒక ఆదివారం రాత్రి కూర్చుని ఆన్‌లైన్ ఫారం నింపాను. కంపెనీని గుర్తించే డాట్ నంబరుకి ఫీజు లేదు, కిరాయికి సరుకు వేసే అనుమతికి, అంటే ఎంసీ అథారిటీకి 300 డాలర్లు. నంబర్లు రాగానే విజయవాడలో నాన్నకి ఫోన్ చేసి "పనైపోయింది" అన్నాను. ఆటోనగర్ చుట్టూ లారీతోనే ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి మొహం కూడా చూడకుండా పర్మిట్ ఇచ్చేశాడా?" అన్నారు.

ఆయన అనుమానమే నిజమైంది. నంబర్ వేరు, అథారిటీ యాక్టివ్ కావడం వేరు. బండికి కవరేజీ ఉందని ఇన్సూరెన్స్ కంపెనీ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకి ఫైలింగ్ పంపాలి. ఏ రాష్ట్రంలో కేసు పడినా మన తరఫున కాగితాలు అందుకునే ఏజెంటు ఉన్నట్టు బీఓసీ-3 అనే ఫారం వెళ్లాలి. మామూలు సరుకుకి చట్టం అడిగేది 7,50,000 డాలర్ల లయబిలిటీ కవరేజీ. లోడ్లు ఇప్పించే బ్రోకర్లు మాత్రం మిలియన్ లేనిదే లోడు మాట ఎత్తరు.

సోమవారం పొద్దున ఏడింటికి ఏవేవో సర్వీసులు అమ్మేవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఇరవై దాటాయి. మన వివరాలు అందరికీ కనిపిస్తాయి కదా! వారంలో ఒక ఉత్తరం వచ్చింది. పైన గద్ద బొమ్మ, ఎర్ర అక్షరాల్లో గడువు, యూసీఆర్ అనే ఏటా కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు కింద 180 డాలర్లు కట్టమని. చెక్కు రాసేశాను కూడా. కవరు అంటిస్తుంటే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "మేము ప్రభుత్వ సంస్థ కాదు" అని కనపడింది. అసలు సైట్లో ఒక్క ట్రక్కుకి ఆ ఏడాది ఫీజు 46 డాలర్లే. చెక్కు చింపేశాను.

అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగిలింది. "రెండు రోజుల్లో ఫైల్ అయిపోతుంది" అన్నాడు ఏజెంటు. పన్నెండు రోజులైనా స్టేటస్ కదలదు. చూస్తే పాలసీలో కంపెనీ పేరు చివర ఎల్‌ఎల్‌సీ లేదు. దరఖాస్తులో ఉంది. పేరు కలవక ఫైలింగ్ తిరిగొచ్చింది, నాకు ఎవరూ చెప్పలేదు. ప్రీమియం, యార్డు అద్దె మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఒకటే, పాలసీ కాపీ రాగానే పేరు, అడ్రసు అక్షరం అక్షరం సరిచూసుకోమని.

వేరే రాష్ట్రాల్లోనూ చెల్లే ఐఆర్‌పీ నంబర్ ప్లేటు, ఇంధనం పన్నుకి ఇఫ్టా, బరువైన బండి పన్నుకి 2290 ఫారం, ఇవన్నీ విసుగే గానీ కష్టం కాదు. నవ్వొచ్చింది డ్రగ్ టెస్టుకి. ఓనరూ నేనే, డ్రైవరూ నేనే అయినా డ్రైవర్లకి టెస్టులు చేయించే కన్సార్షియంలో చేరాల్సిందే. వాళ్లు పిలిచినప్పుడు వెళ్లాలి.

తలుపు మీద కంపెనీ పేరు, డాట్ నంబర్ పగటిపూట యాభై అడుగుల నుంచి చదవగలిగేలా ఉండాలి. స్టిక్కర్ అంటించి, యార్డులో ఇరవై అంగలు వెనక్కి నడిచి చూశాను. ఫోటో పంపితే నాన్న, "అమ్మవారి పేరేదిరా?" అన్నారు. రెండో తలుపు మీద నంబరు కింద చోటుంది, అక్కడ దుర్గమ్మ పేరు రాయించాను. ఏప్రిల్లో ఓక్లహోమాకి మొదటి లోడు వేసేటప్పటికి అది ఇంకా పూర్తిగా ఆరలేదు.